సబ్బునీళ్ళ బ్రేకు

తోజి ఊరు కొండ నెత్తిన ఉంటుంది. కింద హోహోయ్ సంతకు పోవాలంటే ఒకటే దారి. ఊళ్ళోవాళ్ళు దాన్ని దిగుడు అంటారు. అబ్లావి కాపురానికి వచ్చిన నాటినుంచి ఆ దిగుడు ఒక్క మనిషిని కూడా మింగలేదు. అయినా ఇవాళ కాకపోతే రేపు మింగుతుందని ఆమె నమ్మకం. ఇన్నాళ్ళు ఆకలితో ఉన్నది ఒకేసారి గట్టిగా తింటుంది కదా అనేది.

ఆమె భయాలకు వేళాపాళా లేదు. వాన పడితే గోడ కూలుతుందని, పడకపోతే ఊట ఎండుతుందని. కోడలు ఎలోమ్ దగ్గితే క్షయ అని, దగ్గకపోతే లోపల దాచుకుంటోందని. ఇవన్నీ ఒక ఎత్తు, పెరట్లో ఉన్న లారీ ఒక్కటీ ఒక ఎత్తు.

అది ఆమె భర్త అగ్బెకోది. పాత బెడ్‌ఫోర్డు. ముందు ముక్కు పొడుచుకొచ్చి, వెనకంతా చెక్క బాడీ. నొసటి పలక మీద ఎర్రరంగుతో 'బ్లెవు' అని రాసి ఉంటుంది, వాళ్ళ మాటలో నిదానం అని. అగ్బెకో బతికున్నన్నాళ్ళూ ఆ పలక చెప్పినట్టే నడిపాడు. కొండ మీది అరటిగెలలు, అల్లం, కోకో గింజలు కిందికి దించాడు. కింది ఉప్పునూ సిమెంటునూ పెళ్ళికూతుళ్ళనూ పైకి ఎక్కించాడు. ఆఖరికి మంచం మీద జ్వరంతో పోయాడు. లారీ ఆయన్ని ఏమీ చేయలేదు. చేయలేదు గనకే అబ్లావికి దాని మీద అనుమానం. తండ్రిని వదిలిపెట్టిందంటే కొడుకు కోసం కాచుక్కూచుందేమో, ఎవరు చూడొచ్చారు.

ఆయన పోయాక లారీ పెరట్లో అలాగే నిలబడిపోయింది. ఒక పక్కనుంచి గుమ్మడితీగ పాకింది. డ్రైవరు సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టాయి. అబ్లావికి ఆ రోజులు హాయిగా గడిచాయి. కోళ్ళు పొదిగే లారీ వల్ల ఎవరికీ ప్రమాదం లేదు.

ఆమె కొడుకు సెన్యో వడ్రంగి. తలుపులూ కిటికీలూ చేస్తాడు. ఒక వానాకాలం పనులు లేక, లారీ వెనకాల పుచ్చిపోయిన పలక ఒకటి కనబడితే, మంచి చెక్క ఒకటి మిగిలింది కదా అని మార్చబోయాడు. ఆ పలక తీస్తే కింద బోల్టు తుప్పు పట్టి ఉంది. బోల్టు తీస్తే దాని కింద కమ్మీ వంగి ఉంది. కమ్మీ చూద్దామని కిందికి దూరినవాడు మళ్ళీ పూర్తిగా పైకి రాలేదనే చెప్పాలి. పొద్దున తలుపులు, సాయంత్రం లారీ. ఎవరూ నేర్పలేదు. విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరసలోనే అరటాకుల మీద పేర్చుకునేవాడు, వెనక్కి వచ్చేటప్పుడు అదే వరసలో బిగించేవాడు. కోడి వచ్చి వరస చెదరగొడితే ఆ పూట పని ఆగిపోయేది, ఆ కోడికి శాపనార్థాలు తగిలేవి.

సెన్యో లారీ కింద ఉన్నంతసేపూ అబ్లావికి ముద్ద దిగేది కాదు. ఆమె సబ్బు కాస్తుంది. కోకో కాయల తొక్కలు కాల్చిన బూడిద, పామాయిలు కలిపి కాచిన నల్లసబ్బు. ఆ పొయ్యి పెరట్లోనే. గరిట తిప్పుతూ, లారీ వైపు చూస్తూ, కాసేపటికొకసారి పిలిచేది.

"ఒరేయ్, ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

కొంచెం సేపయ్యాక మళ్ళీ. మొదట్లో అతను ఓపిగ్గా పలికేవాడు. తర్వాత నోట్లో బోల్టులు పెట్టుకున్నప్పుడు పలకడం కుదరక, చేతిలో పానాతో లారీ ఇనుప కమ్మీ మీద రెండు దెబ్బలు కొట్టడం మొదలుపెట్టాడు. టంగ్ టంగ్. అంటే ఉన్నాను, బతికే ఉన్నాను, నీ సబ్బు నువ్వు చూసుకో అని. ఇరుగుపొరుగుకు కూడా ఆ చప్పుడు అలవాటైపోయింది. అది వినబడకపోతే వాళ్ళే గోడ మీదుగా తొంగిచూసి, ఏంటి వదినా, ఇవాళ మీ గంట కొట్టలేదు అనేవాళ్ళు.

ఒక సాయంత్రం ఇంజను పలికింది. నల్లటి పొగ కక్కి, ఒళ్ళంతా వణికి, ఆగి, మళ్ళీ పలికి, ఈసారి ఆగలేదు. ఊరు ఊరంతా పెరట్లోకి వచ్చింది. ఎలోమ్ సిగ్గు మరిచి చేతులెత్తి ఆడింది. అబ్లావి మాత్రం లోపలికి పోయి, ఉడుకుతున్న కూర కుండను ఊరికే దించి, మళ్ళీ ఎక్కించింది. ఆవిడకు వినబడుతున్నది ఇంజను కాదు, దిగుడు పళ్ళు నూరుకోవడం.

ఇంక బ్రేకులు ఒక్కటే మిగిలాయి.

సెన్యో ఎవరిచేతో చెప్పించి పట్నంనుంచి పెద్ద డబ్బాడు బ్రేకాయిలు తెప్పించాడు. ఆ డబ్బా పట్టుకొచ్చి తల్లి ముందు కూర్చున్నాడు. గొట్టాల్లో ఆయిలు పోసి గాలి తీయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు పైన కూర్చుని పెడలు తొక్కాలి, ఒకరు కింద పడుకుని చక్రం దగ్గర మర విప్పాలి. నాన్నకు ఎప్పుడూ నువ్వే తొక్కేదానివట కదా అన్నాడు.

అది నిజమే. పెళ్ళయిన కొత్తలోనే నేర్పాడు ఆయన. తొక్కు అంటే తొక్కడం, పట్టు అంటే అదిమిపట్టి ఉంచడం, వదులు అనేదాకా ప్రాణం పోయినా వదలకపోవడం. అది ఆమె కాలికి వచ్చిన విద్య.

"నా మోకాలు పట్టేసిందిరా," అంది. "ఇంకెవర్నైనా చూసుకో."

అబద్ధం చెప్పిన మోకాలికి ఆ రాత్రి నిజంగానే నొప్పి చేసింది. పడుకుని ఆలోచించింది. ఆయిలు లేకపోతే బ్రేకు లేదు. బ్రేకు లేకపోతే బండి కదలదు. బండి కదలకపోతే కొడుకు ఉంటాడు. ఇందులో ఎక్కడా తప్పు కనబడలేదు. తెల్లవారి సెన్యో పనికి పోగానే డబ్బా తీసుకెళ్ళి సబ్బుబూడిద బుట్టలో అడుగున పాతిపెట్టి, పైన బూడిద చదును చేసింది. బ్రేకు లేని బండి ఎక్కడికీ పోదనుకుంది పాపం. అన్నిటికంటే దూరం పోయేది అదేనని ఆమెకు తట్టలేదు.

డబ్బా కోసం సెన్యో ఇల్లంతా వెతికాడు. కోళ్ళగూడు కూడా వెతికాడు. అబ్లావి కూడా అతనితోపాటు వెతికింది, మంచం కింద వంగి చూసింది. చివరికి అందరి అనుమానమూ దోత్సె మీదికి పోయింది. దోత్సె అగ్బెకో దగ్గర క్లీనరుగా పనిచేసినవాడు. ఇప్పుడు దిగుడు మొదట్లో ఇల్లు కట్టుకుని, కల్లు కాచి సారా తీస్తుంటాడు. తీసినదాంట్లో ఎంత అమ్ముతాడో ఎంత తాగుతాడో అతనికే తెలియదు. సెన్యో నవ్వుతూనే అడిగాడు, బాబాయ్, సీసా తేడా చూసుకోకుండా తాగావా అని. ఆ మాట ఊళ్ళో పాకింది. దోత్సె వీధిలో కనబడితే చాలు, సంతకు పోయే ఆడవాళ్ళు మూగేవాళ్ళు.

"బ్రేకాయిలు తాగినవాడు ఇంక తూలడే," అనేది మావూసి. అల్లం అమ్ముకునే ఆమె, నోరు కూడా అల్లమే. "ఎక్కడ ఆగాలంటే అక్కడ ఠక్కున ఆగుతాడు."

అబ్లావి ఆ మాటలు విని తలవంచుకుని సబ్బు తిప్పేది. మనసు ఒక పక్క పీకేది. మరో పక్క, వారమంతా కంటినిండా నిద్ర పట్టింది.

సంతనాడు తెల్లవారకముందే ఆమె పామాయిలు కాయలకోసం తోటకు పోయింది. తిరిగి వచ్చేసరికి పెరడు ఖాళీగా ఉంది. లారీ ఉన్నచోట గుమ్మడితీగ తెగి, నేల మీద నల్లటి ఆయిలు మరకలు, చక్రాల గుంటలు. ఆ పక్కనే బకెట్టు. బకెట్టులో నురగ. ఆమె తల తిప్పి సబ్బు తొట్టి చూసింది. నిన్న ఆరబెట్టిన సబ్బులో ఒక మూల ఉలితో కోసినట్టు నున్నగా కోసి ఉంది. వడ్రంగి కోత.

ఎలోమ్ సంబరంగా ఎదురొచ్చింది. ఏం జరిగిందో అడక్కుండానే చెప్పింది. దొంగతనం నెత్తిన పడ్డాక దోత్సె బాబాయికి తలెత్తుకోలేకుండా ఉందట. ఆయిలు పోతే పోయింది, దానికి ఇంకో దారి ఉంది, నాకు తెలుసు అని నిన్న మధ్యాహ్నం వచ్చి చూపించాడట. పాతకాలంలో ఆయిలు దొరకనప్పుడు డ్రైవర్లు సబ్బు చిక్కగా కరిగించి గొట్టాల్లో పోసేవాళ్ళట. మీరు సబ్బుకు నీళ్ళు తేవడానికి పోయినప్పుడు నేనే తొక్కాను అత్తయ్యా, రాయిలాగా గట్టిగా ఉంది పెడలు అంది. కిందికి ఖాళీ బండితో పోయి, కొత్త ఆయిలు కొని అక్కడే మార్చేస్తాడట. బాబాయి ఇంటి దగ్గర ఆగి, మామయ్య పేరు మీద నేలకు రెండు చుక్కల సారా పోయించుకుని దిగుతాడట.

అబ్లావి వింటూనే ఉంది, కానీ ఆమె చెవిలో పడుతున్నది అగ్బెకో గొంతు. సబ్బునీళ్ళ బ్రేకు చదునులో చుట్టం, దిగుడులో దొంగ, అనేవాడు ఆయన. ఆయిలు వేడికి ఓర్చుకుంటుంది. నీళ్ళు ఓర్చుకోవు. మలుపు మలుపుకూ తొక్కుతూ దిగితే డ్రమ్ములు కాలుతాయి, గొట్టంలో నీళ్ళు మరుగుతాయి. అప్పుడు తొక్కితే కాలు గాలిలోకి పోతుంది.

జీవితమంతా వేయి భయాలు పడింది. ఒక్కటీ నిజం కాలేదు. నిజమైన ఈ ఒక్కదాన్ని తన చేత్తో తానే పొయ్యి మీద పెట్టి కాచింది.

బూడిద బుట్టలోకి మోచేతులదాకా చేతులు పెట్టి డబ్బా తవ్వి తీసింది. డబ్బాను నడుముగుడ్డలో కట్టుకుని వీధిలోకి వచ్చింది. పరుగెత్తలేదు. ఆ వయసు ఆడది వీధిలో పరుగెత్తితే ఎవరో చచ్చారని అర్థం, ఊరంతా ఏడుపు లంకించుకుని వెంటపడుతుంది, ఇంటింటికీ జవాబు చెప్పుకుంటూ పోయేసరికి లారీ దిగిపోతుంది. అందుకని నడిచింది.

లారీ ఇంకా ఉంది. దోత్సె ఇంటి ముందు, దారి కిందికి వంగేచోట, ముక్కు దిగుడు వైపు పెట్టుకుని నిలబడి ఉంది. ముందు చక్రం కింద అడ్డుచెక్క. ఖాళీగా పోతానన్నవాడి లారీ ఖాళీగా లేదు. అల్లం బస్తాలు, అరటిగెలలు ఎక్కించేశారు. బస్తాల మీద మావూసి, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఆమెను చూసి, రా వదినా, నీకూ చోటుంది, నీ మోకాలికి మెత్తటి బస్తా ఇస్తాం అన్నారు.

సెన్యో, దోత్సె ఇద్దరూ వసారాలో బల్ల మీద ఉన్నారు. వాళ్ళ ముందు సారా సీసా, ఇంకా మూత తీయలేదు. అబ్లావి నోరు తెరిచింది. కానీ దోత్సె చెయ్యెత్తి ఆపాడు. ఇంటికి వచ్చిన మనిషికి ముందు నీళ్ళు. నీళ్ళు తాగాకే మాట. అది తండ్రులనాటి పద్ధతి. ఇల్లు తగలబడుతోందని చెప్పడానికి వచ్చినవాడు కూడా ఆ కొండ మీద ముందు నీళ్ళు తాగాల్సిందే. దోత్సె తాగుబోతే గానీ ఈ విషయంలో చాలా పట్టింపు మనిషి. లోపలికి వెళ్ళి, ముంత కడిగి, నిండా నీళ్ళు తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు.

ఆమె నేల మీద రెండు చుక్కలు వొలికించి తాగింది. బూడిద చేతులు ముంతకంటుకున్నాయి. తాగుతున్నంతసేపూ అడ్డుచెక్క వైపే చూసింది. ఆ కొంచెం సేపట్లో, దారిపొడుగునా కూర్చుకుంటూ వచ్చిన మాటలన్నీ కరిగిపోయాయి. డబ్బా ఎక్కడో దొరికిందని చెబుదామనుకుంది. ఎలుకలు లాక్కుపోయాయని చెబుదామనుకుంది. నీళ్ళు కడుపులోకి దిగాక అవేవీ మిగల్లేదు.

దోత్సె ఎదురుగా కూర్చుని, అడగాల్సిన పద్ధతిలో అడిగాడు. "ఇక్కడంతా చల్లగా ఉంది వదినా. నడిచొచ్చిన కాళ్ళు నీవి, కబురు నీదే. చెప్పు."

ఆమె నడుముగుడ్డ విప్పి డబ్బాను బల్ల మీద పెట్టింది. బూడిద రాలింది.

"దోత్సె తాగలేదు," అంది. "నేనే దాచాను."

బస్తాల మీది నవ్వులు ఆగిపోయాయి. సెన్యో డబ్బాను చూశాడు, తల్లి చేతులు చూశాడు, మళ్ళీ డబ్బా చూశాడు. మూత మీద సీలు అలాగే ఉంది. ఎందుకని అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో అతనికి తెలుసు, పుట్టినప్పటినుంచీ వింటున్నాడు. వారం రోజులు నాతోపాటు వెతికావు కదమ్మా అన్నాడు. మంచం కింద కూడా చూశావు.

ఆమె సబ్బునీళ్ళ గురించి చెప్పింది. అగ్బెకో ఏమనేవాడో ఆయన మాటల్లోనే చెప్పింది.

సెన్యో ముఖం గట్టిపడింది. పెడలు రాయిలా ఉందమ్మా, ఇంటినుంచి ఇక్కడిదాకా మూడుచోట్ల ఆపి చూశాను, చక్కగా ఆగింది అన్నాడు. ఇంటినుంచి ఇక్కడిదాకా చదును కదరా అంది ఆమె. అతను దోత్సె వైపు చూశాడు.

దోత్సె సారా సీసాను అటూ ఇటూ తిప్పాడు. అతను ఈ సంగతి చూసింది సముద్రం ఒడ్డు రోడ్ల మీద, వేరే బండ్లలోనట. అక్కడ నేల అరచెయ్యిలా ఉంటుంది. ఈ కొండ మీద అగ్బెకో ఎన్నడూ పోయలేదని ఇప్పుడు గుర్తొస్తోందన్నాడు.

"నేను క్లీనర్నిరా అబ్బాయ్," అన్నాడు మెల్లగా. "నా చేతికెప్పుడూ అడ్డుచెక్కే గానీ, నా కాలి కింద బ్రేకు లేదు. దొంగన్నారని ఉక్రోషంతో గొప్పకు పోయాను."

అప్పుడు బస్తాల మీదినుంచి మావూసి గొంతు లేచింది. తల్లీకొడుకులు మాట్లాడుకోండి గానీ, సంత ఎవరికోసమూ ఆగదంది. అల్లం పచ్చిగా ఉన్నప్పుడే అమ్మాలంది. చిన్నగేరులో చీమలా దిగితే ఏమవుతుంది, ఆ తల్లి మాట వింటే మనం ఏనాడూ గడప దాటం, నీడను చూసి కూడా తప్పుకునే మనిషి అంది. మిగతా ఇద్దరూ కూడా అవునన్నారు. వాళ్ళ తప్పేం లేదు. అబ్లావి ఇదివరకు ఎన్నిసార్లు వద్దందో, ఎన్నిసార్లు ఏమీ జరగలేదో వాళ్ళకు తెలుసు. ప్రతిరోజూ పులి వచ్చె అనేవాళ్ళ మాట, పులి నిజంగా వచ్చిననాడు ఎవరు వింటారు.

సెన్యో లేచి లారీ దగ్గరికి పోయాడు. తలుపు తీసి, కింద నిలబడే చేత్తో పెడలు నొక్కి చూశాడు. గట్టిగానే ఉంది. అతని కళ్ళు దిగుడు వైపు పోయాయి. కింద మొదటి మలుపు దగ్గర పొగమంచు ఇంకా విడలేదు. ఎక్కి కూర్చుంటాడని అబ్లావికి అర్థమైంది. వీడి నోటినుంచి వద్దన్న మాట రాదు, ఇంతమంది ముందు, తల్లి భయపడిందని దిగిపోయినవాడనిపించుకోవడం వీడికి చావుకంటే ఎక్కువ. తను ఏడ్చి అడ్డుపడితే ఇంకా పంతం పెరుగుతుంది. అగ్బెకో కూడా అంతే.

ఆమె కొడుకు పక్కకు వచ్చింది. అతన్ని చేత్తో కొంచెం జరిపి, మెట్టు మీద కాలు పెట్టి, రెండు చేతులా పట్టుకుని డ్రైవరు సీట్లోకి ఎక్కింది. అగ్బెకో పోయాక ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు. కోడి ఈక ఒకటి ఎగిరింది. చెప్పు విడిచి, ఒట్టికాలు పెడలు మీద పెట్టింది. మధ్యలో అరిగి గుంటపడిన పెడలు. ఆ గుంట ఆయన కాలిది. అందులో కొంత తనది.

"ఆయిలు పొయ్యరా," అంది. "నేను తొక్కుతా."

సెన్యో ఆమెను చూసి, "మోకాలు నొప్పన్నావు," అన్నాడు.

"తగ్గింది."

అతని మీసాల కింద ఏదో కదిలింది. ఆడవాళ్ళ వైపు తిరిగి, దిగండక్కా అన్నాడు. మా అమ్మ కాలు దొరకడం అరుదు, దొరికినప్పుడే వాడుకోవాలి అన్నాడు. పోదలచినవాళ్ళు నెత్తిన పెట్టుకుని నడవొచ్చు, ఉండదలచినవాళ్ళు ఉండొచ్చు, నేను మాత్రం మధ్యాహ్నానికి ముందు కదలను అన్నాడు. మావూసి గొణుక్కుంటూ దిగింది. నడిచిపోతానంది, బస్తా వైపు చూసింది, తర్వాత దోత్సె వసారాలోనే కొంగు పరుచుకుని పడుకుంది.

పని అంత సులువు కాలేదు. ముందు గొట్టాల్లోంచి సబ్బు పూర్తిగా పోవాలి. నీళ్ళతో కడిగితే నీళ్ళే మిగులుతాయి. సారా అయితే సబ్బునూ నీళ్ళనూ ఈడ్చుకుపోయి, తానూ ఆరిపోతుంది. ఈ సంగతి మటుకు దోత్సెకు నిజంగానే తెలుసు, అగ్బెకో చేయగా చూశాడు. నేలకు పోయడానికి తెచ్చిన సీసా మూత తీశాడు. రెండు చుక్కలు మట్టి మీద ఒలికించి, అన్నా, నీ వాటా ఈసారి బండికి పోస్తున్నా, ఏమనుకోకు అన్నాడు. నేల మీద పోస్తే మధ్యలో చీమలు తాగుతాయి, గొట్టాల్లో పోస్తే నేరుగా నీకే చేరుతుంది అన్నాడు. ఒక సీసా చాల్లేదు. ఇంకోటి తెచ్చాడు. అది పోస్తున్నప్పుడు అతని ముఖం చూడలేకపోయారు.

సెన్యో వెనక కుడిచక్రం కిందికి దూరాడు. అన్నిటికంటే దూరపు చక్రంతో మొదలుపెట్టాలి.

"తొక్కు."

ఆమె తొక్కింది. మళ్ళీ తొక్కింది, మళ్ళీ.

"పట్టు."

అదిమిపట్టింది. కింద మర విప్పిన చప్పుడు, గొట్టంలోంచి సీసాలోకి గుడగుడమని నురగ. కాలు మెల్లగా కిందికి దిగింది.

"వదులు."

నురగ తగ్గి, సారా తేటగా వచ్చేసరికి ఎండ ఎక్కింది. గొట్టాలు ఆరనిచ్చి, డబ్బా సీలు తీశారు. ఇంక అసలు పని. మొదటి చక్రం బాగానే అయింది. రెండోదాని దగ్గర, పట్టు అని సెన్యో అన్నాక, కింద ఏదో ఇనుప ముక్క జారి రాయి మీద పడ్డ చప్పుడైంది. అంతే, అబ్లావి కాలు ఎత్తేసి, తలుపులోంచి సగం బయటికి వంగి, "ఒరేయ్" అంది.

కిందినుంచి సెన్యో గొంతు వచ్చింది, విసుగు లేకుండా, అలసటగా. మర విప్పి ఉండగా వదిలేశావమ్మా, పీల్చాల్సిన గాలంతా పీల్చింది, మళ్ళీ మొదటినుంచి చేయాలి అన్నాడు. పానా పడింది, నేను కాదు అన్నాడు.

ఆమె సిగ్గుపడింది. ఇంత ఆయిలు వృథా చేశానే అనుకుంది. కానీ మళ్ళీ పడితే మళ్ళీ ఎత్తననే నమ్మకం ఆమెకే లేదు. దోత్సె చక్రం పక్కన చతికిలబడి అన్నాడు, ఓపికుంటే చీమ కడుపు కోసి పేగులు కూడా చూడొచ్చు వదినా, ఈ నాలుగు చక్రాలెంత. అది వాళ్ళ తాతలనాటి సామెతే గానీ, ఆ పూట ఎవరికీ చీమ పేగులు చూసే ఓపిక లేదు.

ఈసారి సెన్యో పట్టు అనగానే, మర విప్పుతూ, ఖాళీగా ఉన్న ఎడమచేత్తో ఇంకో పానా పట్టుకుని కమ్మీ మీద కొట్టాడు. టంగ్ టంగ్. ఆమె కాలు కదల్లేదు. మర బిగించేదాకా మధ్యలో ఇంకోసారి. టంగ్ టంగ్. వదులు. అట్లా ఒక్కో చక్రమూ. వసారాలో పడుకున్న మావూసి కళ్ళు తెరవకుండానే, పెళ్ళా దినమా ఈ గంటలు అంది.

ఆఖరి చక్రం అయ్యేసరికి పెడలు మారిపోయింది. పొద్దుటి సబ్బునీళ్ళ బ్రేకు కూడా గట్టిగానే ఉండింది గానీ, ఇది వేరు. సగందాకా దిగి, అక్కడ ఎవరో కిందినుంచి అరచెయ్యి పెట్టి ఆపినట్టు ఆగింది. ఆమె మళ్ళీ తొక్కింది. మళ్ళీ అక్కడే ఆగింది. చాలమ్మా, ఇంక తొక్కక్కర్లేదు అని సెన్యో చెప్పాక కూడా ఇంకోసారి తొక్కి చూసుకుంది. ఆమెకు నమ్మకమంటూ కలిగిన వస్తువు ఈ భూమ్మీద అదొక్కటే అయ్యుంటుంది.

సెన్యో చేతులు తుడుచుకుంటూ తలుపు దగ్గరికి వచ్చాడు. పొద్దు వాలుతోంది, సంతలో సగం మంది సర్దుకునే వేళ. అయినా ఉన్నంతలో అమ్ముకుంటామని ఆడవాళ్ళు మళ్ళీ బస్తాల మీదికి ఎక్కారు. దోత్సె తనూ వస్తానన్నాడు, క్లీనరు లేని లారీ ఉంటుందా అని. రెండు సీసాలు పోయిన బాధకు అతనికి సంతలో ఏదైనా మందు కావాలి.

సెన్యో తల్లి దిగుతుందని నిలబడ్డాడు. ఆమె దిగలేదు. పక్క సీటులోకి జరిగింది.

"అడ్డుచెక్క ఇటియ్యి దోత్సే," అంది. అతను చక్రం కిందినుంచి తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని బిడ్డలా ఒళ్ళో పెట్టుకుంది.

లారీ దిగుడులోకి వంగింది. చిన్నగేరులో, నొసటి పలక చెప్పినట్టే నిదానంగా. మొదటి మలుపు దగ్గర సెన్యో తొక్కాడు, ఆగింది, కదిలింది. అబ్లావి కూడా తొక్కింది, తన వైపు ఒట్టి రేకు మీద. రెండో మలుపులో కూడా. కొడుకు దారి మీదినుంచి చూపు తిప్పకుండానే చెప్పాడు.

"అమ్మా, నీ వైపు బ్రేకు లేదు."

"నాకు తెలుసు. నువ్వు తొక్కు."

కింద వాగు దగ్గర దారి చదునైంది. సెన్యో లారీని పక్కకు ఆపాడు. డ్రమ్ములు ఎంత కాలాయో, ఎక్కడైనా ఆయిలు కారుతోందేమో చూడాలని దిగి కిందికి దూరాడు. దోత్సె వాగులోకి దిగి ముఖం కడుక్కుంటున్నాడు. పైన ఆడవాళ్ళు సంతలో ఏం మిగిలి ఉంటుందో వాదించుకుంటున్నారు. అబ్లావి లారీ దిగి, అడ్డుచెక్కను ఎవరూ చెప్పకుండానే తీసుకెళ్ళి ముందు చక్రం కింద తోసింది. పాదంతో అదిమి చూసింది. అక్కడ నేల అరచెయ్యిలా చదునుగా ఉంది, లారీ ఎటూ కదిలేది కాదు.

కాసేపు నిలబడింది. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. పిలవకముందే కిందినుంచి వినబడింది, టంగ్ టంగ్.

ఆమె వాగు ఒడ్డున వెతికి, మంచి రాయి ఒకటి తెచ్చి, వెనక చక్రం కింద కూడా పెట్టింది.